మన పెద్దల ఔజార్లు: పూర్తి సెట్టు ఎక్కడ?

‘ఔజార్’ అనే మాట మన ఇండ్లలో రోజూ వినబడేదే. మేస్త్రీ ఆలస్యంగా వస్తే ‘ఔజార్ల సంచి ఇంట్ల మర్చిపోయిన’ అని సాకు చెబుతాడు. ఈ మాట అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ ఇది బహువచనం. ఏకవచనం ‘విజ్ర్’, అంటే బరువు, మోత. ఉర్దూలోకి వచ్చాక మనం దాన్ని ఏకవచనం చేసుకున్నాము. ఒక ఔజార్, పది ఔజార్లు అంటున్నాము. కాని మాట పుట్టుకలోనే ఒక సత్యం ఉన్నది. పనిముట్టు ఒంటరిగా బతకదు, అది ఎప్పుడూ ఒక గుంపులోనిదే.

తెలుగులో కూడా ఈ సంగతి పెద్దలకు బాగా తెలుసు. మంగలి దగ్గర ఉండేది కత్తి కాదు, ‘పొది’. కోస్తావారు దాన్నే ‘అడపం’ అంటారు. కత్తి, కత్తెర, నూరే రాయి, తోలుపట్టీ, అద్దం, గోళ్ళు తీసే నరణి అన్నీ కలిస్తేనే పొది. కమ్మరి కొలిమిలో తిత్తి, దాగలి, సుత్తె, సమ్మెట, పట్టుకారు ఉండాలి. పట్టుకారు లేకపోతే మిగతావన్నీ ఉండి కూడా ఆనాటికి పని బందు. వడ్రంగికి బాడిస, ఉలి, కొడతి, చిత్రిక, రంపం. ఇవి ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడిచే వస్తువులు.

ఈ వ్యాసంలో పాత పనిముట్లను సేకరించడం గురించీ, ఒక సెట్టును పూర్తి చేయడం అంటే నిజంగా ఏమిటన్న దాని గురించీ నాకు తెలిసినంత మనవి చేస్తాను. ఇది డబ్బున్నవాళ్ళ షౌఖ్ కదా, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. ఎందుకో చదివిన తర్వాత వారే చెప్పగలరు.

పాశ్చాత్య దేశాలలో పాత పనిముట్ల సేకరణ పెద్ద వ్యవహారం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డాయల్స్‌టౌన్ అనే ఊళ్ళో హెన్రీ మెర్సర్ (1856-1930) అనే పండితుడు ఉండేవాడు. పురాతత్వ శాస్త్రంలో పని చేసినవాడు. 1897లో పాత సామాన్ల అంగడిలో రైతులు విసిరేసిన వస్తువుల కుప్పలు చూసి, నేల తవ్వి వెతికే చరిత్ర ఇక్కడ నేలమీదే పడి ఉన్నదే అని గ్రహించాడు. యంత్రాలు రాకముందు మనుషులు చేత్తో పని చేసిన పరికరాలన్నీ పోగు చేయడం మొదలుపెట్టాడు. వాటి కోసం పూర్తిగా కాంక్రీటుతో పెద్ద భవనం కట్టించాడు. 1916లో అది మ్యూజియంగా తెరుచుకుంది. లోపల పైకప్పు నుంచి బండ్లు, పడవలు కూడా వేలాడుతూ ఉంటాయి.

మెర్సర్‌ది పండితుని సేకరణ. మామూలు అభిరుచి గలవారి సేకరణ వేరు. వారు ఎక్కువగా పడి చచ్చేది అమెరికాలోని స్టాన్లీ కంపెనీ చిత్రికల మీద. లియోనార్డ్ బెయిలీ అనే ఆయన రూపకల్పన చేసిన ఇనుప చిత్రికలను ఆ కంపెనీ 1869 నుంచి తయారు చేసింది. చిన్నదానికి 1వ నంబరు, పెద్దదానికి 8వ నంబరు. మధ్యలో నాలుగున్నర, ఐదుంబావు, ఐదున్నర అని కూడా ఉన్నాయి. నాలుగు, ఐదు నంబర్లు ఎక్కడైనా దొరుకుతాయి. 1వ నంబరు మాత్రం ఐదున్నర అంగుళాల బొమ్మలాంటి వస్తువు, పనికి పెద్దగా వాడినది కాదు, అందుకే తక్కువ మిగిలింది. దానికి ఇప్పుడు వెయ్యి డాలర్లకు పైనే పలుకుతుంది. సెట్టులో ఒక్క గడి ఖాళీ ఉన్నదన్న బాధ మనిషిని అంత దూరం తీసుకుపోతుంది! నకిలీ 1వ నంబర్లు తయారు చేసి అమ్మేవాళ్ళు కూడా పుట్టుకొచ్చారంటే ఆశ్చర్యం లేదు.

జపాన్ వారి పద్ధతి నాకు ఇంకా నచ్చింది. 1943లో టోక్యోలో వడ్రంగుల పనిముట్లను లెక్కించారు. మంచి పనివాడికి కావలసిన పూర్తి సెట్టు 179 అని తేలింది. ఆ లెక్క రాసి పెట్టడం వల్లనే తర్వాత 1984లో కోబే నగరంలో తకెనాకా వారు వడ్రంగి పనిముట్ల మ్యూజియం స్థాపించినప్పుడు, సెట్టు అంటే ఏమిటో ఊహించుకోవలసిన అవసరం లేకపోయింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. స్టాన్లీ సెట్టు పూర్తయిందో లేదో చెప్పేది కంపెనీ అచ్చు వేసిన జాబితా. జపాన్ సెట్టు గురించి చెప్పేది సర్వే కాగితం. మన దగ్గర కంపెనీ లేదు, జాబితా లేదు. మన సెట్టు ఏమిటో చెప్పేది ఆ పని చేసిన మనిషి నోరు ఒక్కటే. ఆ నోరు మూతపడితే, సామాను మొత్తం ఇంట్లోనే ఉన్నా సెట్టు పోయినట్టే.

దీనికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉన్నది. ఆర్మూర్ దాటి మెట్‌పల్లి దారిలో కమ్మర్‌పల్లి వస్తుంది. ఆ మండలంలోని కోనసముందర్, అంటే పాత రాతల్లోని కోనసముద్రం, ఒకప్పుడు ప్రపంచానికి ఉక్కు పంపిన ఊరు. మట్టి మూసలో ఇనుమును పెట్టి, మూత వేసి, గంటల తరబడి కొలిమిలో కరిగించి తీసిన ఆ ఉక్కుముద్దలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కొని పోయేవారు. డమాస్కస్ కత్తులుగా పేరుపడిన కత్తులకు దక్కన్ ఉక్కు ముడిసరుకు. హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త, సర్వే పని మీద మన ప్రాంతంలో తిరుగుతూ ఈ పనిని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు అప్పట్లో ఆ ఊళ్ళోనే మకాం వేసి ఉన్నట్టు అందులో ఉన్నది. కమ్మరి తెలుగువాడు, కొనేవాడు ఫార్సీ మాట్లాడేవాడు. బేరం ఏ భాషలో సాగిందో అని నేను చాలాసార్లు ఆలోచించాను. బహుశా వ్రేళ్ళ లెక్కతో సాగి ఉంటుంది!

మరి ఆ పని చేసిన ఔజార్లు ఏవి? మూసలు సహజంగానే మిగలవు, ఎందుకంటే లోపలి ముద్ద తీయాలంటే మూసను పగులగొట్టాలి. అందుకే ఊరిబయట దిబ్బలలో మూసల పెంకులు, చిట్టెం కనబడతాయి. 2010 ప్రాంతంలో బెంగుళూరు నుంచి, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి ఉత్తర తెలంగాణ అంతటా ఇటువంటి దిబ్బలను నమోదు చేశారు. కాని పెంకు చెబితే మూస సంగతి చెబుతుంది, చేతి సంగతి చెప్పదు. తిత్తులు తోలువి, కుళ్ళిపోతాయి. పట్టుకార్లు, సమ్మెటలు ఇనుపవి. అరిగిన పట్టుకారును కమ్మరి దాచిపెట్టడు, కాల్చి కొట్టి కొడవలి చేస్తాడు. పాత ఔజారే కొత్త ఔజారుకు ముడిసరుకు. దీన్ని తప్పుపట్టడానికి లేదు. పేదవాడి కొలిమిలో ఇనుము ఊరికే కూర్చోదు.

ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణం కథ చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ మూస ఉక్కు పద్ధతి 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్‌తో మొదలైంది. మనవాళ్ళు అంతకు ఎంతోకాలం ముందు నుంచే మూసలో ఉక్కు చేస్తున్నారు. అయినా షెఫీల్డ్ దగ్గరి ఆబీడేల్‌లో ఆ పద్ధతి మూస కొలిమి చెక్కుచెదరకుండా ఉన్నది, 1970 నుంచి ప్రజలు చూస్తున్నారు. అదే పట్టణంలో కెన్ హాలీ (1927-2014) అనే పనిముట్ల దుకాణదారుడు ఉండేవాడు. కార్ఖానాలు ఒక్కొక్కటిగా మూతబడుతుంటే ఆయన పోయి తయారైన వస్తువులే గాక సగం చేసిన వస్తువులు, చేసే పరికరాలు, జాబితా పుస్తకాలు కూడా తెచ్చుకున్నాడు. ఒక కత్తెర ఎట్లా పుట్టిందో ముద్ద దగ్గర నుంచి మెరుగు వరకు వరుసగా పెట్టగలిగాడు. ఆ సేకరణ ఇప్పుడు కెల్హమ్ ఐలాండ్ మ్యూజియంలో ఉన్నది. ఆయన నవాబు కాదు, ప్రొఫెసరు కాదు, దుకాణంలో సుత్తెలు అమ్మినవాడు. ఈ ముక్క మన పిల్లలకు చెప్పదగినది.

నవాబుల మాట వచ్చింది కనుక సాలార్‌జంగ్ ప్రస్తావన తప్పదు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) జీవితమంతా, ఆస్తిలో పెద్ద భాగం ధారపోసి వస్తువులు కూడబెట్టాడు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ఆ మ్యూజియాన్ని దివాన్ దేవిడీలో ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. ఆయన రుచి పూర్తయిన వస్తువు మీద: పచ్చరాతి పిడి, చిత్రం, పింగాణీ, ఖురాన్ ప్రతులు. వాటిని చేసిన చేతుల పరికరాల మీద కాదు. హైదరాబాద్ పోయినవాళ్ళందరూ అక్కడి సంగీత గడియారం ముందు నిలబడతారు. గంట కొట్టడానికి బయటకు వచ్చే గడ్డపు బొమ్మను చూసి పిల్లలు కేరింతలు కొడతారు. అదే గడియారంలో ఒక కమ్మరి బొమ్మ కూడా ఉన్నది, క్షణానికొక దెబ్బ చొప్పున సుత్తెతో కొడుతూ ఉంటాడు. ఆయన వైపు ఎవరూ చూడరు. ఈసారి పోయినప్పుడు చూడండి.

ఈ లోటును కొంత తీర్చిన వ్యక్తి మన కాలంలో ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారు. దశాబ్దాల పాటు పల్లెలు, గూడేలు తిరిగి వాద్యాలు, తాళపత్రాలు, లోహపు వస్తువులు, వృత్తి పరికరాలు సేకరించి ‘ఆద్యకళ’ పేరుతో హైదరాబాద్‌లో ప్రదర్శించారు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ముస్లింలలో చేతివృత్తులు ఎన్ని ఉండేవో చాలామంది యువకులకు తెలియదు. 2007లో పి.ఎస్. క్రిష్ణన్ గారి నివేదిక ఆధారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. 2010లో హైకోర్టు కొట్టివేస్తే, అదే సంవత్సరం సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలుకు వీలు కల్పించింది. సర్టిఫికెట్ల కోసం మనం ఆ జాబితాను ఎన్నోసార్లు తిరగేశాము. కాని దాన్ని చరిత్ర పుస్తకంగా చదివినవారు తక్కువ. అందులో ‘రోళ్ళకు కక్కు కొట్టేవారు’, ‘తిరుగటి గంట్లవారు’, ‘చక్కీ టాకనేవాలే’, ‘పత్తర్‌ఫోడులు’, ‘అచ్చుకట్లవాండ్లు’, ‘అత్తరు సాయిబులు’ అనే పేర్లు ఉన్నాయి. ఇవి ఎవరో పెట్టిన బిరుదులు కావు. చేతిలోని ఔజార్‌ను బట్టి ఊరు పిలిచిన పిలుపులు. ఇసుర్రాయి వాడగా వాడగా నున్నబడి పిండి పడదు. అప్పుడు ఉలి, సుత్తె పట్టుకొని ఒకాయన వీధిలో కేక వేస్తూ వచ్చి, రాయి ముఖాన మళ్ళీ గంట్లు పెట్టి పోయేవాడు. గిర్నీలు వచ్చాక ఇసుర్రాయి, మిక్సీ వచ్చాక రోలు మూలకు చేరాయి. ఉలి కూడా చేరింది. పేరు మాత్రం సర్కారు కాగితంలో మిగిలింది.

కళాయివాళ్ళ సంగతీ అంతే. రాగి, ఇత్తడి గిన్నెలు ఉన్నంతకాలం తిత్తి, పట్టుకారు, తగరం, నవాసారం పట్టుకొని చెట్టు కింద కొలిమి పెట్టేవారు. స్టీలు గిన్నె వచ్చింది, కథ ముగిసింది.

దూదేకుల వారి విషయంలో కొంచెం ఆగాలి. పింజారి, నూర్‌బాష్, లద్దాఫ్ అన్నీ ఈ వర్గానికి ఉన్న పేర్లే, వీరు బి.సి.-బి గ్రూపులో ఉన్నారు. ‘లద్దాఫ్’ అన్నది అరబ్బీ ‘నద్దాఫ్’ అనే మాట నోట్లో నలిగి అయిన రూపం. దూది ఏకేవాడని అర్థం. 1909లో వెలువడిన థర్స్‌టన్ గ్రంథంలో కూడా దూదేకుల వారి గురించి ఉన్నది. వారి ముఖ్యమైన ఔజార్ విల్లు. మనిషి కంటే పొడవు ఉండేది. దానికి మేక పేగుతో చేసిన నారి. ఉర్దూలో దాన్ని ‘తాంత్’ అంటారు. కర్రతో చేసిన ‘ముఠియా’తో ఆ నారిని కొడితే అది అదురుతుంది, ఆ అదురు దూదిలోకి పోయి ఉండలు విడిపోయి నురుగులాగా లేస్తుంది. చలికాలం ముందు బొంతలు, రజాయిలు విప్పించేందుకు పిలిచేవారు. వీధి మొదట్లో ఆ నారి మోత వినగానే ఏ ఇంటాయన వచ్చాడో తెలిసేదని మా అమ్మ చెబుతుంది.

మాక్లూర్ చుట్టుపక్కల ఊళ్ళలో నాకు ఇటువంటి విల్లులు రెండు దొరికాయి. ఒకదానికి నారి లేదు, రెండవదానికి ముఠియా లేదు. ఒకదాని ముఠియా తెచ్చి రెండవదాని పక్కన పెడితే సెట్టు పూర్తయినట్టే కనబడుతుంది. చాలామంది సేకరణకర్తలు ఇట్లాగే చేస్తారు. నేను మాత్రం చీటీ మీద ‘వేరే ఇంటిది’ అని రాసి పెట్టాను. ముఠియా మీద ఒక వైపే అరుగుదల ఉంటుంది. అది ఆ మనిషి చేతివాటం, ఆ నారి దెబ్బ. ఇంకొకరి అరుగుదలను ఇంకొకరి విల్లుకు అంటగట్టడం చరిత్ర కాదు.

ఆ సామానును ఒకనాడు ఎనభై దాటిన పెద్దాయన ఒకరికి చూపించాను. చిన్నతనంలో తండ్రి వెంట ఆర్మూర్, నందిపేట వైపు తిరిగి దూది ఏకినవారు. విల్లు చూశారు, నారి కట్టే గాడి తడిమారు, ముఠియా చేతిలోకి తీసుకొని తూకం చూశారు. తర్వాత అడిగారు: “మాస్టర్ సాబ్, గుడ్డ ఏదీ?”

ఏ గుడ్డ అన్నాను.

“ముక్కుకు, నోటికి కట్టుకునే గుడ్డ. రెండు మడతలు వేసి తడిపి కట్టాలె. మా అబ్బా కట్టలే. ఊపిరాడదని తీసేస్తుండె. దగ్గు పట్టింది, నలభై దాటలే, పోయిండు. ఇగ ఇది సెట్టు ఎట్లయితది?”

నూలు మిల్లుల్లో పనిచేసేవారికి దూది ధూళి వల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని వైద్యశాస్త్రం ఒప్పుకున్నది. మిల్లు కార్మికుని గురించి చట్టాలు వచ్చాయి, నష్టపరిహారం వచ్చింది. వీధి వీధి తిరిగి ఇతరుల రజాయిలు మెత్తగా చేసిన మనిషి గురించి ఎవరూ లెక్క రాయలేదు. నేను చూసిన ప్రదర్శనల్లో విల్లు ఉన్నది, ముఠియా ఉన్నది, ఆ గుడ్డ లేదు. పుస్తకాలు చదివి నేను తయారు చేసుకున్న జాబితాలో కూడా అది లేదు. ఉండదు కూడా, ఎందుకంటే అది ఔజార్ అని ఎవరూ అనుకోరు, కట్టుకున్నవాడు తప్ప.

నా సొంత వృత్తికి దగ్గరి సెట్టు ఖలందాన్. నిజాం రాజ్యంలో 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ కచేరీ భాష అయిన తర్వాత పట్వారీ ఇంట్లో, దేశ్‌ముఖ్ గడిలో, వకీలు బల్ల మీద, హిందువైనా ముస్లిమైనా, ఈ పెట్టె ఉండేది. పొడుగాటి చిన్న పెట్టె. అందులో రెల్లు కలాలు, దవాత్, కలం చెక్కే చిన్న కత్తి ‘ఖలమ్‌తరాష్’, కలం ముక్కును ఆనించి కత్తిరించే చిన్న పలక ‘ఖత్‌గీర్’. దవాత్‌లో సిరా ఒలకకుండా, కలానికి ఎక్కువ అంటకుండా వేసే దారపు పోగు ‘సూఫ్’. అక్షరం అందం అంతా ఆ చివరి కోతలో ఉంటుంది. ఏటవాలు సరిగ్గా కోస్తేనే నస్తాలీఖ్ గుండ్రన తీరుగా వస్తుంది. పిల్లలు తక్తీ మీద ముల్తానీ మట్టి పూసి రాసిన కాలం మా నాన్నగారి తరంతో పోయింది. 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు యంత్రానికి ఎక్కాయి, 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. పత్రికా కార్యాలయాలలో కాతిబుల వరుసలు కరిగిపోయాయి.

ఖలందాన్లు దొరకడం కష్టం కాదు, నగిషీ ఉన్నది కనుక జనం దాచుకుంటారు. దవాత్ కూడా దొరుకుతుంది. అరుదైనది ఖత్‌గీర్. వేలెడంత కొమ్ము ముక్కో, ఎముక ముక్కో. చూసినవాడికి చెత్తలాగా ఉంటుంది. పెట్టె తుడిచేటప్పుడు కోడలు పారేస్తుంది, ఆమె తప్పేమీ లేదు. స్టాన్లీ 1వ నంబరుకు వెయ్యి డాలర్లు, మన ఖత్‌గీర్‌కు చెత్తబుట్ట. అరుదు అన్నది ధరతో తేలేది కాదని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

ఇక పూర్తి సెట్టు మన ఇండ్లలో ఒక్కటే ఉన్నది. అది బీడీ చాట. ఫర్మా, కత్తెర, దారం, చాట. తునికాకు, జర్దా కంపెనీ ఇస్తుంది. మన జిల్లాలో ఏ మతం వాడకట్టుకు పోయినా అరుగు మీద ఆడవాళ్ళ ఒడిలో కనబడే సెట్టు ఇది. దీన్ని చరిత్ర అని ఎవరూ అనుకోవడం లేదు, రోజూ వాడుతున్నారు కనుక. పని తగ్గిపోతున్నదని అక్కచెల్లెళ్ళే చెబుతున్నారు. రేకు ఫర్మాలు తూకానికి పోకముందే, ఆకు కత్తిరించడానికి ఏ వేలు ఎక్కడ పెడతారో, రోజుకు ఎన్ని చేస్తే నడుము ఎక్కడ పట్టుకుంటుందో రాసి పెట్టుకోవడం మంచిది. ఆ నడుము నొప్పి కూడా సెట్టులోదే.

మన సొసైటీ హాలులో వెనుక గదిలోని ఇనుప అల్మారాలో రెండు అరలు ఈ సామాను కోసం ఇచ్చారు. దానితోపాటు ఒక నోట్‌బుక్ ఉన్నది. అందులో వస్తువు పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంట్లో పిలిచే పేరు, ఎవరి చేతిది, వెంట ఏముండాలి, ఏది లేదు అని గడులు గీశాము. ‘ఏది లేదు’ అన్న గడి నింపడానికే ఎక్కువ సమయం పడుతున్నది. దానికోసం పెద్దల దగ్గర కూర్చోవలసి వస్తున్నది. జుమా నమాజు తర్వాత ఒక గంట నేను అక్కడే ఉంటాను.

ప్రస్తుతం కావలసినవి ఇవి: ఒక ఖత్‌గీర్, ఏ పదార్థానిదైనా సరే. దూది విల్లుకు పేగు నారి, తెగినదైనా పరవాలేదు. ఇసుర్రాయికి గంట్లు పెట్టే ఉలి, దాంతో పని చేసినవారు గాని, చేస్తుంటే చూసినవారు గాని ఎవరైనా. కళాయివారి తిత్తి. పాత ఇనుము కొనే బండి వీధిలోకి వచ్చినప్పుడు, కిలో లెక్కన వేసేముందు ఒకసారి ఇంట్లోని పెద్దవారికి చూపించి, ఇది దేనితో జోడు అని అడగండి. వారు చెప్పింది ఒక చీటీ మీద రాసి పంపినా చాలు, వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి. తడిపి కట్టుకునే ఆ గుడ్డను పెద్దాయన భార్య తమ ఇంటి పాత దుప్పటి చింపి, రెండు మడతలు వేసి కుట్టి ఇచ్చారు. చీటీ మీద ‘కొత్తది, పాత కొలత ప్రకారం’ అని రాసి విల్లు పక్కన పెట్టాను.